రైలు లాంతరు నుంచి పులిహోర గిన్నె దాకా

1900 ప్రాంతంలో అమెరికా రైల్వేలకు సిగ్నల్ లాంతరు పెద్ద తలనొప్పి. లోపల దీపం వెలుగుతుంటే చుట్టూ ఉన్న గాజు సెగకు కాగిపోయి ఉంటుంది. దాని మీద చల్లటి వానజల్లు పడినా, మంచు తాకినా ఠక్కున పగిలిపోయేది. దీపం ఆరితే సిగ్నల్ లేనట్టే, చీకట్లో ఎదురొచ్చే బండికి ఆగమని చెప్పే దిక్కు ఉండదు. ఈ బెడద వదిలించే పని న్యూయార్క్ రాష్ట్రంలో కార్నింగ్ అనే చిన్న ఊళ్ళోని గాజు ఫ్యాక్టరీ మీద పడింది. నేను పెరుగు తోడుపెట్టుకునే గిన్నె, పులిహోర కలుపుకునే గిన్నె ఆ లాంతరు వంశంలో పుట్టినవే.

కార్నింగ్ గ్లాస్ వర్క్స్ 1868లో బ్రూక్లిన్ నుంచి ఆ ఊరికి తరలివచ్చింది. గాజు వేడెక్కితే సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఒకే గాజులో ఒక పక్క సాగుతూ ఇంకో పక్క ముడుచుకుంటూ ఉంటే రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. లోహమైతే కాస్త వంగి సర్దుకుంటుంది. గాజుకు వంగడం చేతకాదు, పగులుతుంది. అంటే అసలు సాగడమే తగ్గించాలి. జర్మనీలో యేనా ఊళ్ళో ఒట్టో షాట్ అనే రసాయనవేత్త గాజులో బోరాన్ ఆక్సైడ్ కలిపి 19వ శతాబ్దం చివర్లోనే ఆ పని సాధించాడు. కార్నింగ్‌లో యూజీన్ సలివన్, విలియం టేలర్ తమ ప్రయోగాలు తాము చేసి నోనెక్స్ అనే గాజు తయారుచేశారు. లాంతర్లు పగలడం మానేశాయి. పగలకపోయేసరికి కొత్తవి కొనేవాళ్ళూ తగ్గారు. ఇంత మంచి గాజుతో ఇంకేం చెయ్యొచ్చు అని కంపెనీ వెతుక్కోవాల్సి వచ్చింది. బ్యాటరీల్లో ఆమ్లం పోసే జాడీలు కొన్ని చేశారు.

1913లో జెస్సీ లిటిల్‌టన్ అనే భౌతికశాస్త్రవేత్త అక్కడ ఉద్యోగంలో చేరాడు. అంతకుముందు మిషిగన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. ఆయన భార్య బెస్సీ. ఆవిడ కొత్తగా కొన్న మట్టి కాసరోల్ కొద్దిరోజులకే ఒవెన్‌లో పగిలింది. కాసరోల్ అంటే మన ఇళ్ళలో చపాతీలు వేడిగా ఉంచుకునే డబ్బా కాదు. ఒవెన్‌లో ఉడికించి, అదే గిన్నెతో తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టుకునే వెడల్పాటి మూతగిన్నె. మీ ఫ్యాక్టరీలో అంత గట్టి గాజు ఉందంటున్నారుగా, అదేదో తెచ్చిపెట్టమని ఆవిడ భర్తకు చెప్పింది. ఆయన రెండు బ్యాటరీ జాడీలను అడుగున అడ్డంగా కోయించి, ఆ అడుగుభాగాలు ఇంటికి పట్టుకొచ్చాడు. ఆవిడ వాటిలో స్పాంజ్ కేకు చేసింది.

కేకు ఉడికిందన్న కబురు చెప్పి చాలామంది ఈ కథ ముగిస్తారు. నాకు ఆ తర్వాత బెస్సీ చేసిందే ముఖ్యం. ఆవిడ దగ్గర కొలతలు తీసే పరికరాలేమీ లేవు, కానీ చూసినదాన్ని ఒక్కొక్కటే గుర్తుపెట్టుకుంది. రేకు గిన్నెలో పట్టే సమయం కన్నా తక్కువలో ఉడికింది. అన్ని వైపులా సమంగా ఎర్రబడింది. గిన్నెకు అంటుకోకుండా ఊడివచ్చింది. మూత తియ్యకుండా, గిన్నె కదపకుండా అడుగు రంగు కనపడింది. కడిగాక ఏ వాసనా మిగల్లేదు. తర్వాత మాంసం వండి చూసింది, బంగాళాదుంప వేపుడు చేసింది, కోకో కాచింది. గాజు ఒవెన్ వేడిని బాగా పీల్చుకుంటుందనీ, మెరిసే లోహం ఆ వేడిని తిప్పికొడుతుందనీ ఆయనకు సిద్ధాంతం తెలుసు. అది కేకు మీద ఎలా పనిచేస్తుందో తేల్చింది ఆవిడ. ఫ్యాక్టరీ ప్రయోగశాల మొత్తం కలిసి ఇవ్వలేని నివేదిక ఒక వంటింట్లోంచి వచ్చింది.

నోనెక్స్‌లో సీసం ఉంది, తిండికి పనికిరాదు. కాబట్టి సీసం లేని కొత్త పాకం కావాల్సి వచ్చింది. సుమారు 80 శాతం ఇసుక, 13 శాతం దాకా బోరాన్ ఆక్సైడ్, మిగతాది కాస్త సోడా, కాస్త అల్యూమినా. మామూలు సీసా గాజు వేడికి ఎంత సాగుతుందో ఇది అందులో మూడోవంతు మాత్రమే సాగుతుంది. 1915లో పైరెక్స్ పేరుతో ఆ గాజు పాత్రలు బజారుకొచ్చాయి. మొదటి ఆర్డరు బోస్టన్‌లోని జోర్డాన్ మార్ష్ దుకాణానిది. సలివన్, టేలర్‌లకు ఆ పాకం మీద 1919లో పేటెంటు వచ్చింది. పేటెంటు కాగితం మీద బెస్సీ పేరు లేదు.

ఈ గాజును నేను మొదట చూసింది అమెరికాలో కాదు, గుంటూరులో. బీయస్సీ కెమిస్ట్రీ ల్యాబులో బీకర్లు, శంకుకుప్పెలు, బ్యూరెట్లు అన్నిటి మీదా బోరోసిల్ అని తెల్లటి అక్షరాలుండేవి. స్పిరిట్ దీపం మీద కాగుతున్న పరీక్షనాళికను పట్టకారుతో తీసి చల్లటి నీళ్ళ ట్రేలో పెట్టినా ఏమీ కాదని మాస్టారు చూపించారు. ఇంట్లో మామూలు గాజు గ్లాసులో వేడి పాలు పోస్తే నెర్రె విచ్చడం చూసినదాన్ని, అది నాకు పెద్ద వింత. ఆ బోరోసిల్ కంపెనీ 1962లో బొంబాయిలో పెట్టింది కార్నింగ్ వాళ్ళ సహకారంతోనే అనీ, 1988 దాకా అందులో కార్నింగ్‌కు వాటా ఉండేదనీ తెలిసింది మాత్రం పెళ్ళయి పిట్స్‌బర్గ్ వచ్చిన చాలా ఏళ్ళకు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ గాజు రావడం ఆగిపోయి అమెరికా ప్రయోగశాలలు ఇబ్బంది పడ్డప్పుడు పైరెక్స్ బీకర్లు మొదలయ్యాయి. వంటగిన్నె, బీకరు ఒకే కొలిమిలో పుట్టాయన్నమాట. రసాయనశాస్త్రం చదివి వంటింట్లో ఉండిపోయిన నాబోటివాళ్ళకు ఈ చుట్టరికం ఎంత సంతోషమో చెప్పలేను.

వంటచేసేవాళ్ళ మాట వినడం కార్నింగ్ కంపెనీకి మొదట్లోనే అబ్బింది. ఫిలడెల్ఫియాలో వంటపాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్న సారా టైసన్ రోరర్‌ను సలహాకు పిలిచారు. 1929లో లూసీ మాల్ట్‌బీ వచ్చింది. ఆవిడ ఆ ఊరి పిల్లే, గృహవిజ్ఞానం చెప్పిన టీచరు. మీ గిన్నెలు వాడేవాళ్ళకు ఇబ్బందిగా ఉన్నాయని చెప్పడానికే ఆవిడను పెట్టుకున్నట్టయింది. కేకు గిన్నెలు రెండు ఒవెన్‌లో పక్కపక్కన పట్టడం లేదంది. చేతిగుడ్డతో పట్టుకోవడానికి చెవులు లేవంది. అంగుళం తగ్గితే ఏమవుతుంది, చెవి ఎంత పొడుగుండాలి అని టెస్ట్ కిచెన్‌లో వండి వండి చూపించింది. ఈరోజు గాజు బేకింగ్ గిన్నెల్లో చాలావాటికి రెండు పక్కలా పట్టుకునే చెవులుంటాయి. ఆ చెవులు పట్టుకున్నప్పుడల్లా నాకు మాల్ట్‌బీయే గుర్తొస్తుంది.

ఇదే జాతి గాజుతో 1934లో కార్నింగ్ వాళ్ళు పాలోమార్ టెలిస్కోపుకు 200 అంగుళాల అద్దం పోశారు. మొదటిది మార్చిలో పోసినప్పుడు అచ్చులోని ముక్కలు ఊడి పైకి తేలడంతో పాడైంది. డిసెంబరులో మళ్ళీ పోశారు. నెలల తరబడి మెల్లగా చల్లారుస్తుండగా మరుసటేడు వరద వచ్చి ఊరు మునిగింది. అయినా దక్కింది. 1936లో రైలెక్కి కాలిఫోర్నియా చేరింది. పాడైన మొదటి అద్దం కార్నింగ్ గాజు మ్యూజియంలో ఉంది. దాని ముందు నిలబడితే మనిషి చీమలా ఉంటాడు. చూసి తీరాల్సినది.

నా మనసు మాత్రం మ్యూజియం ఊళ్ళో కన్నా చార్లెరాయ్‌లో ఎక్కువ ఉంటుంది. పిట్స్‌బర్గ్‌కు దక్షిణాన, మొనొంగహీలా నది వంపులో ఉన్న ఊరది. బెల్జియంలోని గాజు పట్టణం పేరే దానికి పెట్టారు. అక్కడి నుంచి వచ్చిన గాజు పనివాళ్ళు ఎంతోమంది ఆ లోయలో స్థిరపడ్డారు. మక్‌బెత్ ఇవాన్స్ అనే కంపెనీ అక్కడ దీపం చిమ్నీలు చేసేది. చూడండి, మళ్ళీ దీపమే. 1936లో కార్నింగ్ దాన్ని కలుపుకుంది. నేను పోగేసిన రంగురంగుల పైరెక్స్‌లో చాలా భాగం ఆ కొలుముల్లోదే.

రంగు పైరెక్స్ అసలు పైరెక్స్ లాంటి గాజు కాదు. పాలలా తెల్లగా ఉండే ఓపల్ గాజు. బోరాన్ పాకం కాదు, సోడా, సున్నం కలిసిన పాకం. వేడిగా ఉండగానే పైపైన గాలి కొట్టి గట్టిపరుస్తారు. అప్పుడు పైపొర బిగుసుకుని లోపలి పొరను పట్టి ఉంచుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల భోజనశాలలకు ఇలాంటి తెల్లటి పాత్రలు చేశారు. యుద్ధం అయిపోయాక అదే గాజుకు రంగులద్ది ఇళ్ళకు పంపారు. ఒకదానిలో ఒకటి ఇమిడే నాలుగు గిన్నెల జట్టు అలా వచ్చింది. పెద్దది పసుపు, తర్వాత ఆకుపచ్చ, ఎరుపు, బుల్లిది నీలం. అడుగున 404, 403, 402, 401 అని అంకెలుంటాయి. పసుపుపచ్చది నాలుగు క్వార్ట్‌లు, అంటే దాదాపు 3.8 లీటర్లు.

చార్లెరాయ్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఒక ఇంటి సామాన్ల అమ్మకంలో నా చేతిలో 404 చూసి ఆగాడు. అడగకుండానే నా చేతిలోంచి తీసుకుని అంచు లోపలి నుంచి బయటికి బొటనవేలితో రాశాడు. నన్నూ రాసి చూడమన్నాడు. లోపలి తెలుపు నున్నగా జారుతుంది. అంచు దాటగానే, రంగు మొదలైనచోట, వేలికి మాత్రమే తెలిసేంత సన్నటి మెట్టు తగులుతుంది. రంగును బయటి వైపే చల్లి, మళ్ళీ కొలిమిలో పెట్టి గాజుకు కరిగించి అతికించేవారని చెప్పాడు. బొమ్మలుంటే పట్టుతెర మీద నుంచి అచ్చువేసేవారట. ఆయన ఆ మాటలు చెబుతున్నప్పుడు చేతులు గాలిలో ఆ పని చేస్తూనే ఉన్నాయి. అప్పటినుంచి ఏ గిన్నె కొన్నా మొదట ఆ అంచు తడిమి చూస్తాను. డిష్‌వాషర్‌లో నలిగిన గిన్నెకు ఆ మెట్టు ఉండదు, రంగు సున్నం కొట్టినట్టు వెలిసిపోయి ఉంటుంది.

404ను నేను పులిహోరకు కేటాయించాను. అన్నం పొడిపొడిగా వార్చి అందులో వెయ్యడం, పసుపు, నూనె చల్లి ఆరనివ్వడం, ఉడికించిన చింతపండు గుజ్జు, పోపు వేసి చేత్తో అడుగునుంచి పైకి తిరగెయ్యడం. అల్యూమినియం గిన్నెను చింతపండు పులుపు తినేస్తుంది, ఇత్తడికి కళాయి లేకపోతే చిలుమెక్కుతుంది. గాజుకు ఆ గొడవ లేదు. 1970ల్లో పిట్స్‌బర్గ్ శివారు పెన్‌హిల్స్‌లో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం వచ్చాక ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు పులిహోర వాసన లేని శనివారం లేదు. పండక్కి ఇళ్ళ నుంచి తెచ్చే వంటకాల్లో పైరెక్స్, కార్నింగ్‌వేర్ గిన్నెలు వరసగా ఉండేవి. ఇప్పుడు వాటి చోటు పారేసే అల్యూమినియం ట్రేలు ఆక్రమించాయి. నాకు అది అస్సలు నచ్చదు. పుల్లటి పదార్థాన్ని ఆ రేకులో గంటల తరబడి ఉంచడం ఆరోగ్యానికీ మంచిది కాదు, చెత్తబుట్ట కూడా నిండుతుంది.

కార్నింగ్‌వేర్ కథ వేరు. డొనాల్డ్ స్టూకీ 1940లో కార్నింగ్‌లో చేరిన రసాయనవేత్త. 1950ల మొదట్లో వెలుతురుకు స్పందించే ఒకరకం గాజు పలకను కొలిమిలో పెట్టాడు. 600 డిగ్రీల దగ్గర ఆగాల్సిన వేడి, అదుపుచేసే పరికరం చెడిపోవడంతో 900 దాకా ఎక్కింది. పలక కరిగి కొలిమి నాశనమై ఉంటుందని తలుపు తీశాడు. పలక కరగలేదు, తెల్లగా మారి నిలిచి ఉంది. పట్టకారుతో తీస్తుంటే జారి నేల మీద పడింది. లోహం పడ్డట్టు ఖంగున మోగి, పగలకుండా ఉండిపోయింది. ఆ వేడికి గాజులోపల కోటానుకోట్ల సూక్ష్మ స్ఫటికాలు పుట్టాయి. నెర్రె పాకుదామంటే అడుగడుగునా స్ఫటికం అడ్డం. అలా పుట్టిన పదార్థాల వంశానికి పైరోసెరమ్ అని పేరు పెట్టి 1957లో లోకానికి చెప్పారు. వంటపాత్రలకు వాడిన రకంలో లిథియం ఉంటుంది. అది వేడికి దాదాపు సాగనే సాగదు.

ఆ పదార్థాల్లోనే ఒక రకాన్ని క్షిపణుల ముక్కుకు తొడుగుగా వాడారు. గాలి రాపిడికి కాలిపోకూడదు, లోపలి రాడార్ తరంగాలను ఆపకూడదు. ఈ రెండో గుణమే తర్వాత వంటింటికి అక్కరకొచ్చింది. రాడార్ తరంగాలు, మైక్రోవేవ్‌లు ఒకే కుటుంబం. మైక్రోవేవ్ ఒవెన్లు ఇళ్ళలోకి ఇంకా అంతగా రాని 1958లో కార్నింగ్‌వేర్ పేరుతో తయారైన గిన్నె, అవి వచ్చేసరికి ముందే సిద్ధంగా ఉంది. ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా మంట మీద పెట్టొచ్చని ప్రకటనల్లో చూపించేవారు. తెల్లటి గిన్నె పక్కన మూడు చిన్న నీలి పూలు. ఆ బొమ్మ గీసింది జోసెఫ్ బామ్ అనే ప్రకటనల కంపెనీ చిత్రకారుడు. కార్న్‌ఫ్లవర్ అని పిలిచే ఆ డిజైను మూడు దశాబ్దాలు నడిచింది. స్టూకీ 2014లో 99 ఏళ్ళ వయసులో పోయాడు.

ఈ నీలి పూల గిన్నెలు మా తరం తెలుగువాళ్ళకు ఎలా చేరాయో నాకు బాగా తెలుసు. ఎవరూ కొత్తవి కొనుక్కోలేదు. విద్యార్థిగా వచ్చిన భర్త, ఒక గది ఇల్లు, ఆదివారం పాత సామాన్ల దుకాణం. స్టీలు గిన్నెలు ఇండియా నుంచి పెట్టెలో వచ్చేవి. ఒవెన్‌కూ, ఫ్రిజ్‌కూ పనికొచ్చేది కావాలంటే ఇదే దొరికేది. మొదట్లో దానితో పెరుగు తోడుపెట్టడం నేర్పింది మా పెద్దాడపడుచు. "మంచుకాలంలో స్టీలు గిన్నెలో పెరుగు తోడుకోదమ్మా, ఈ తెల్లగిన్నెలో పొయ్యి, ఒవెన్ లైటు వేసి లోపల పెట్టు" అంది. పైరోసెరమ్ వేడిని త్వరగా వదలదు. గోరువెచ్చటి పాలలో తోడు వేసి మూతపెడితే, బయట గడ్డకట్టే చలి ఉన్నా తెల్లారేసరికి గడ్డపెరుగు. ఒవెన్ వెలిగించకూడదు, ఆ చిన్న బల్బు సెగ చాలు.

వేడిని త్వరగా వదలకపోవడానికి కారణమే దాని లోపం కూడా. వేడిని పక్కకు పంపదు. మంట తగిలినచోట కాలుతుంది, అంగుళం పక్కన చల్లగానే ఉంటుంది. అందుకే అందులో నేరుగా పప్పు ఉడికిస్తే నడిమధ్య అడుగంటుతుంది. నేను కందిపప్పు కుక్కర్లో ఉడికించి, మెదిపి, గోంగూరో మామిడికాయో కలిపాక కార్నింగ్‌వేర్‌లోకి మార్చి సన్నమంట మీద మగ్గనిస్తాను. పోపు మాత్రం ఇనప గరిటెలోనే వేగాలి. ఆవాలు చిటపటలాడటానికి కావలసిన గబుక్కున వచ్చే వేడి ఈ గిన్నె ఇవ్వదు. పోపు గరిటె తెచ్చి అందులో ముంచితే చుయ్యిమని మోగుతుంది, గిన్నెకు ఏమీ కాదు. మామూలు గాజు గిన్నెతో ఈ పని కలలో కూడా చెయ్యకండి. స్టీలు గరిటె తగిలితే పడే బూడిదరంగు గీతలు గీతలు కావు, గరిటె లోహమే దాని మీద అంటుకుంటుంది. ఆక్సాలిక్ ఆమ్లం ఉండే తోముడు పొడి తడిచేసి రుద్దితే పోతాయి. పర్మాంగనేట్ టైట్రేషన్లలో పిపెట్‌తో తీసిన ఆక్సాలిక్ ఆమ్లమే, ఇన్నేళ్ళ తర్వాత సింకు దగ్గర.

పోగుచేసేవాళ్ళకు అడుగుభాగమే జాతకచక్రం. కార్నింగ్‌వేర్ మీద P తో మొదలయ్యే గుర్తుంటే 1970ల మొదట్లోగా చేసినది, A తో మొదలైతే తర్వాతిది, దానికి చెవులు పెద్దవి. A-2-B అంటే రెండు క్వార్ట్‌ల గిన్నె. పైరెక్స్‌లో పెద్ద అక్షరాల PYREX అయితే బోరాన్ గాజు, చిన్న అక్షరాల pyrex అయితే సోడా గాజు అని ఒక మాట అందరి నోటా తిరుగుతోంది. అది నమ్మి కొనకండి. నా 404 మీద పెద్ద అక్షరాలే ఉన్నాయి, అది సోడా గాజే. అమెరికాలో ఇప్పుడు చేసే పైరెక్స్ వంటపాత్రలన్నీ సోడా గాజే. అది కింద పడితే కాస్త ఎక్కువ తట్టుకుంటుంది, ఒక్కసారిగా మారే వేడికి తక్కువ తట్టుకుంటుంది. ఒవెన్‌లోంచి తీసి తడి గట్టు మీద పెట్టడం, వేడి గిన్నెలో చన్నీళ్ళు పొయ్యడం, పొయ్యి మీద పెట్టడం ఏ కాలం పైరెక్స్‌తోనూ వద్దు. పాత రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. రంగు బయటి వైపే కాబట్టి బాగున్న గిన్నె నేను వాడుతూనే ఉంటాను. రంగు పొడిలా రాలుతుంటే మాత్రం వంటకు తీసేస్తాను.

ధరల గురించి చాలా అబద్ధాలున్నాయి. కూరగాయల బొమ్మ, కింద ఫ్రెంచి మాటలు ఉన్న స్పైస్ ఓ లైఫ్ కార్నింగ్‌వేర్ 1972 నుంచి పదిహేనేళ్ళు లెక్కలేనన్ని చేశారు. అది వేల డాలర్లకు పోతుందని వార్తలు పుట్టాయి. అమ్మేవాళ్ళు అడిగిన ధర అది, కొన్నవాళ్ళు ఇచ్చిన ధర కాదు. నిజంగా వేలు పలికినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1959లో వచ్చిన గుండెల బొమ్మల లక్కీ ఇన్ లవ్ పైరెక్స్ లాంటివి. అలాంటివి నా దగ్గర లేవు, ఉన్నా అద్దాల బీరువాలోకి పోతాయి కాబట్టి వెతకలేదు. అడుగున గాయాలకు వేసే ప్లాస్టరు ముక్క అతికించి ఉన్న గిన్నెలంటే నాకు ప్రాణం. చర్చి విందులకు తీసుకెళ్ళిన గిన్నె తిరిగి ఇంటికి రావాలని ఇంటిపేరు రాసి అతికించేవారు. ఒవెన్ వేడికి ఆ ప్లాస్టరు గోధుమరంగుకు తిరిగి, అంచులు గాజులోకి ఇంకిపోయినట్టయి, సిరా మాత్రం చదవడానికి వస్తుంది. మన ఇళ్ళలో గిన్నెల మీద పేరు చెక్కించుకోవడం లాంటిదే. అది చాలామంది వేడినీళ్ళలో నానబెట్టి గీకేస్తారు. నేను తియ్యను. ఎన్ని విందులు తిరిగొచ్చిందో చెప్పేది ఆ ముక్కే.

1986లో ఓపల్ పైరెక్స్ ఆపేశారు. 1998లో కార్నింగ్ కంపెనీ వంటపాత్రల వ్యాపారం మొత్తం అమ్మేసింది. ఆప్టికల్ ఫైబర్, తెరల గాజు దాని సొంత దారులయ్యాయి. పొయ్యి మీద పెట్టగల కార్నింగ్‌వేర్ ఆ తర్వాత కొద్దికాలానికే ఆగింది, ఆ పేరు మీద మట్టిపాత్రలు వచ్చాయి. కొన్నేళ్ళకు పైరోసెరమ్ మళ్ళీ ఫ్రాన్సులో చేయించి తెచ్చారు. చార్లెరాయ్‌లో మాత్రం యజమానులు మారినా కొలుములు మండుతూనే ఉన్నాయి, పారదర్శక పైరెక్స్ అక్కడే తయారైంది. 2023లో అప్పటి యజమాని కంపెనీ దివాలా తీసింది. కొత్త యజమాని 2024లో ఫ్యాక్టరీ మూసేసి పనిని ఒహాయోలోని లాంకాస్టర్‌కు తరలిస్తామని చెప్పారు. సుమారు 300 మంది ఉద్యోగాలు. యూనియను, పెన్సిల్వేనియా ప్రభుత్వ న్యాయవాదులు అడ్డుకోవడానికి ప్రయత్నించారు. కొన్ని నెలలు ఆలస్యమైంది, అంతే. 2025లో ఉత్పత్తి ఆగింది. 130 ఏళ్ళ గాజు పని అక్కడ ముగిసింది. ఆ ఊరివాళ్ళు పోగొట్టుకున్నది జీతాలు మాత్రమే కాదు. కొలిమిలోంచి వచ్చిన గిన్నెను చూసి అది నిలుస్తుందో లేదో చెప్పగల చూపు, తండ్రి దగ్గర కొడుకు, తల్లి దగ్గర కూతురు నేర్చుకున్నది, లారీలో లాంకాస్టర్‌కు పోదు.

కొత్తగా ఈ ఊరొచ్చిన తెలుగు పిల్లలు మొదట ఏది కొనమంటారాంటీ అని అడుగుతారు. నీలి పూల A-2-B ఒకటి, గాజు మూతతో సహా కొనమంటాను. పాత సామాన్ల దుకాణంలో చవగ్గా దొరుకుతుంది. మూత విడిగా ఇంకో అరలో ఉంటుంది, వెతకండి. అంచు చుట్టూ వేలు తిప్పి చెక్కు ఉందేమో చూడండి. వెలుతురుకు పట్టుకుని సన్న నెర్రె ఉందేమో చూడండి. తర్వాత అందులో పాలు తోడుపెట్టండి.